ఎర్ర పెన్నుతో కొట్టేసిన డాక్టరమ్మ

పోయిన నెలలో నా ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ పని మానేశాయి. మానేశాయంటే ఊడి పడలేదు లెండి, ఉన్నాయి, వంగమంటే వంగుతాయి కూడా. కాకపోతే టీ గ్లాసు పట్టుకుంటే అది వేడిగా ఉందో చల్లారిందో మిగతా మూడు వేళ్ళూ చెబుతున్నాయి గానీ, ఈ రెండూ మాత్రం పెళ్ళికొచ్చి అలిగి కూర్చున్న మేనత్తల్లా నోరు విప్పడం లేదు. పద్నాలుగేళ్ళు ఇండియన్ కొట్లో బియ్యం బస్తాలు ఎత్తిన చేయి కదా, అలగడానికి దానికి కారణాలు చాలానే ఉంటాయనుకుని, అమెరికాలో, ఈ పార్సిప్పనీ ఊళ్ళో మా అపార్టుమెంటుకు రెండు వీధుల అవతల ఉన్న డాక్టరమ్మ దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళాను. ఆవిడ నాకు పదకొండేళ్ళుగా తెలుసు. నా ఒంటి కోసం వెళ్ళడం మాత్రం అదే మొదటిసారి.

కూర్చోబెట్టిన గదిలో ఎదురుగా గోడకి అద్దాల ఫ్రేములో ఒక కొత్త కాగితం, కింద బంగారు రంగు ముద్ర, మేయరు సంతకం. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి కనుక ఇంగ్లీషు కాగితాన్ని నేను చదవను, ఏరుకుంటాను, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్క మాటా పక్కకి తీసి చూసుకుంటాను. అలా ఏరగా తేలింది ఏమిటంటే, ఆస్టియోపతిక్ వైద్యులు, అంటే మా డాక్టరమ్మలా పేరు చివర ఎం.డి. బదులు డి.ఓ. అని ఉండేవాళ్ళు, పూర్తి స్థాయి వైద్యులనీ, మందు రాయడానికీ ఆపరేషను చేయడానికీ ఆసుపత్రిలో రోగిని చూడడానికీ మిగతా డాక్టర్లతో సమానంగా వాళ్ళకు హక్కు ఉందనీ, డాక్టరు సులువుగా దొరకని చోట్ల జనాన్ని కనిపెట్టుకుని ఉంటున్నందుకు ఊరు వాళ్ళ సేవను గుర్తిస్తోందనీ. మూడుసార్లు ఏరుకున్నాను. రాయి ఎక్కడా తగల్లేదు. సంతోషం కలగలేదు, అలాగని ఏడుపూ రాలేదు. ఆ రెండు వేళ్ళు ఎలా ఉన్నాయో నేనూ అలాగే ఉన్నాను.

మన తరంవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, డాక్టరంటే మనకి ముందు బోర్డు, ఆ తర్వాతే మనిషి. అమెరికా రాకముందు నేను తెనాలిలో ఒక ఎం.బి.బి.ఎస్. డాక్టరుగారి దగ్గర పదిహేనేళ్ళు కాంపౌండరుగిరీ వెలగబెట్టాను. సిరంజీలు మరగబెట్టడం, ఎర్రనీళ్ళ మందు కలిపి సీసా మీద మోతాదు కాగితం అంటించడం, వెనకాల వచ్చి ముందు పంపమని బతిమాలేవాళ్ళ మీద జోకులేసి కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ప్రతి మంగళవారం గుంటూరు నుంచి ఒక ఎం.డి. గారు వచ్చేవారు, ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే మా డాక్టరుగారే లేచి తన కుర్చీ ఇచ్చి తాను స్టూలు మీద కూర్చునేవారు. అదే వీధి చివర ఒకాయన గోరువెచ్చటి నూనె రాసి బెణుకులు లాగేవాడు, మా రోగుల్లో సగం మంది మాకు చెప్పకుండా ఆయన దగ్గరికీ వెళ్ళొచ్చేవాళ్ళు. వైద్యలోకం అంటే నాకు తెలిసింది ఆ కుర్చీ, ఆ స్టూలు, ఆ నూనె గిన్నె, అంతే. ఆ మూడింటినీ పెట్టెలో బట్టలతోపాటు సర్దుకుని రెండువేల ఒకటిలో ఇక్కడ దిగాను.

మా ఆవిడ అన్నయ్య ఎప్పుడో ఏ కాలంలోనో మా కోసం వేసిన గ్రీన్‌కార్డు కాగితాలు, మేం వాటి సంగతి మరిచిపోయాక పండాయి. ఆయన మమ్మల్ని ఈ అపార్టుమెంటులో దింపి, కుక్కరు, రెండు దుప్పట్లు ఇచ్చి, తను ఉద్యోగం మారి శాంటా క్లారా వెళ్ళిపోయారు. మాకు పిల్లలు లేరు. నేను ఇండియన్ కొట్లో చేరాను, మా ఆవిడ మందుసీసాలు అట్టపెట్టెల్లో సర్దే గోడౌనులో చేరింది. ఇన్సూరెన్సు ఆవిడ ఉద్యోగానికే వచ్చింది కనుక ఇంటికి యజమాని ఆవిడే, నేను ఆవిడ కార్డు మీద బతికేవాణ్ణి. ఆ మాట నేనే అందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి.

ఆ రోజుల్లో ఇన్సూరెన్సువాళ్ళు టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు పుస్తకం ఒకటి పోస్టులో పంపేవారు. అందులో ఉన్న వందల పేర్లలోంచి ఒకరిని మన డాక్టరుగా ఎంచుకుని పేరు రాసి పంపాలి. మా అపార్టుమెంట్ల నిండా కంప్యూటరు కుర్రాళ్ళే, కోట్ల ఖరీదు చేసే ప్రోగ్రాములు రాసేవాళ్ళు, ఆ పుస్తకం చూస్తే మాత్రం బెదిరిపోయేవాళ్ళు. శనివారం సాయంత్రం మా ఇంట్లో ఉల్లిపాయ బజ్జీలు వేగుతుంటే ఒక్కొక్కరే పుస్తకం చంకలో పెట్టుకుని దిగేవాళ్ళు. అంకుల్ కాంపౌండరు చేశారట, అంకుల్‌కి డాక్టర్ల సంగతి తెలుసట. కొట్లో ధరల అట్టలు రాసే లావుపాటి ఎర్ర పెన్ను నా జేబులోనే ఉండేది. ఎం.డి. అని ఉన్న పేరు పక్కన టిక్కు, డి.ఓ. అని ఉన్న పేరు మీద అడ్డంగా ఒక గీత. ఇంగ్లీషు రాకపోయినా చివరి రెండక్షరాలు చూడ్డానికి ఏం కావాలి, కళ్ళు చాలు. పది నిమిషాల్లో ఒక పుస్తకం అయిపోయేది. బజ్జీలు అంతకంటే ముందే అయిపోయేవి.

ఒకసారి ఒక కుర్రాడు, ఈ డి.ఓ. అంటే ఏంటంకుల్ అని అడిగాడు.

"తలనొప్పి అని వెళ్ళావనుకో నాయనా, మెడ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పుతారు. ఆ దెబ్బకి తలనొప్పి మర్చిపోయి మెడనొప్పితో ఇంటికొస్తావు. సగం డాక్టర్లు. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంటారు."

గది గదంతా నవ్వింది. ఈ సంగతి నాకెవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. వాళ్ళు చేతుల్తో వెన్ను పట్టి చూస్తారట అని కొట్లో ఎవరో అంటుంటే చెవిన పడింది, వీధి చివరి నూనె గిన్నె గుర్తొచ్చింది, మిగతాది నా నోరు అల్లింది. సగం డాక్టరు అన్న మాట ఆ నెలలోనే మా మూడు బ్లాకులూ తిరిగి, కొట్లో పప్పులు కొనడానికి వచ్చిన ఎవరో నాకే తిరిగి చెప్పారు, కొత్త జోకనుకుని.

రెండువేల మూడు దసరా వెళ్ళిన వారంలో మా ఆవిడకి రెండు రెక్కల మధ్య నొప్పి మొదలైంది. గోడౌనులో పెట్టెలెత్తడం వల్లేనని ఇద్దరం అనుకున్నాం. పదిరోజులు చూసి, ఆవిడే ఒక శనివారం వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి మా పుస్తకం తెరిచి, నేను ఎర్రగా కొట్టేసిన ఒక పేరు మీద వేలు పెట్టి, "ఏమండీ, ఈవిడెవరో మన వెనక వీధిలోనే ఉంది. నడిచి వెళ్ళొచ్చు. ఈ వారమే రమ్మంటున్నారట," అంది. అప్పుడు ఇంట్లో ఆరేడుగురు కుర్రాళ్ళున్నారు. మనుషులు లేనప్పుడు అడిగి ఉంటే ఏమనేవాణ్ణో ఇప్పుడు చెప్పలేను. ఉన్నారు కనుక, "నీ నొప్పి సగమే అయితే వెళ్ళు మరి," అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వి పుస్తకం మూసి, స్టవ్వు మీద మూకుడు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఎంచిన ఎం.డి. గారు హైవే అవతల, కారు ఉన్నవాళ్ళెవరైనా దింపాలి. కొత్త రోగులకి ఆయన దగ్గర జనవరి దాకా ఖాళీ లేదన్నారు. మంచి డాక్టరు దగ్గర ఖాళీ ఉంటుందా అని నేనే మెచ్చుకున్నాను. జనవరిలో ఆ రోజు నాలుగడుగుల మంచు కురిసినట్టు కురిసి ఊరు మూసేశారు, మళ్ళీ తేదీ మార్చికి ఇచ్చారు. ఆయన తప్పేం లేదు, మంచు తప్పూ లేదు. ఆవిడ కొట్లో దొరికే నొప్పి బిళ్ళలు వేసుకుంటూ పనికి వెళ్ళొస్తూనే ఉంది, నేను పొద్దున్నే అమృతాంజనం రాసి, డాక్టరు పట్టా లేని నా చేతుల మీద కూడా ఏవో జోకులు వేస్తూనే ఉన్నాను. దాహం దాహం అని చెంబుడేసి నీళ్ళు తాగేది. చలికాలంలో అంత దాహమేమిటని ఒక్క పూటైనా అనుకోలేదు పదిహేనేళ్ళ కాంపౌండరుని.

మా పై అంతస్తులో వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది, పాత కారు ఒకటి కొనుక్కుని దాన్ని తోసుకుంటూ నడుపుకుంటూ తిరిగేది. ఆ అమ్మాయి నా దగ్గరికి పుస్తకం తేలేదు, అందుకని ఆమె పుస్తకంలో ఎర్ర గీతల్లేవు. తన మెడనొప్పికి ఆ వెనక వీధి డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళొచ్చిందట. ఫిబ్రవరిలో ఒకరోజు నేను కొట్లో ఉన్నప్పుడు, మా ఆవిడ మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోవడం చూసి, అడక్కుండా కారెక్కించుకుని తీసుకెళ్ళిపోయింది.

కొట్లో ఫోన్ మోగింది. నేను ఎవరికో వంకాయలు తూస్తూ, పుచ్చులకి విడిగా ధర వేయనులే అంటున్నాను.

"అంకుల్, నేను. ఆంటీని డాక్టర్ దగ్గర్కి తీస్కొచ్చిన. బ్లడ్ తీస్కున్నరు, ఎక్స్‌రేకి పంపుతున్నరు. మీరు జర తొందరగ రండి."

"ఏ డాక్టరమ్మాయ్?"

"మీరు గీత కొట్టిన డాక్టరే."

ఆ గదిలో ఏం జరిగిందో మా ఆవిడ తర్వాత నాకు చెప్పింది. డాక్టరమ్మ ఆవిడ చొక్కా వెనక్కి తీసి, రెండు అరచేతులూ వీపు మీద ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు అలా ఉండిపోయిందట, పక్క గదిలో మాటలు వింటున్నట్టు. ఒక్కొక్క పూసా వేలితో తడుముకుంటూ దిగి, ఒకచోట ఆగిందట. అప్పుడు నూనె రాయలేదు, మెడ తిప్పలేదు. దాహం వేస్తోందా, బరువు తగ్గావా, మెట్లెక్కితే ఆయాసమా అని అడిగి, అన్నిటికీ అవును అనగానే లేచి తనే ఫోన్ చేసిందట. మూడు రోజుల్లో తేలింది. ఎముకల లోపల మూలుగలో పుట్టే క్యాన్సరు, వెన్నులో రెండు పూసల్ని అప్పటికే డొల్ల చేసింది.

ఆ కబురు చెప్పడానికి డాక్టరమ్మ మమ్మల్ని పిలిచినప్పుడు కూడా ఆ అమ్మాయే వచ్చింది, నాకు మాట సాయానికి. డాక్టరమ్మ చెప్పాల్సింది నెమ్మదిగా చెప్పి, పెద్దాసుపత్రిలో ఎవరిని కలవాలో రాస్తుంటే, నేను అమ్మాయి చెవిలో, ఈవిడ రాసిన కాగితం అక్కడ చెల్లుతుందా, పూర్తి డాక్టరు చేత ఇంకోటి రాయించుకోవాలా, అడుగు, అన్నాను. అమ్మాయి నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేదు.

"ఏం మాట్లాడుతున్రు అంకుల్? ఆమె కూడా నాలుగేండ్లు మెడిసినే చదివింది, హాస్పిటల్ల ట్రైనింగ్ అయింది, లైసెన్స్ ఉన్నది. చేతుల్తోని చూసుడు అదనంగ నేర్చుకున్నరు, అంతే. సగం కాదు, ఎక్కువ. నేనైతే అడ్గ. మీకు కావాలంటే మీరే అడ్గుండ్రి."

మా ఆవిడ నేలకేసి చూస్తోంది. నేను అడిగాను, నా ఇంగ్లీషులోనే, కానీ ఆ ప్రశ్న కాదు. అక్టోబరులో వచ్చి ఉంటే అని అడిగాను. అన్ని నెలలు ఎందుకు ఆగారని డాక్టరమ్మ అడుగుతుందనుకున్నాను, అడగలేదు. నొప్పి ఇంత ఉండేది కాదు, పూసలు ఇంత దెబ్బతినకపోవచ్చు, అంతకు మించి నాకు తెలియదు, తెలియనిది చెప్పను, అంది. తెలియదు అన్న డాక్టరుని నేను అంతకు ముందు చూడలేదు. మా తెనాలిలో తెలియదు అనే మాట కాంపౌండర్లది.

తర్వాత రెండున్నరేళ్ళు. పెద్ద మందులు ఆసుపత్రిలో ఇచ్చారు, మిగతా బతుకంతా డాక్టరమ్మ చూసుకుంది. నిద్ర పట్టకపోతే ఆవిడ, కాళ్ళు వాస్తే ఆవిడ, ఊపిరి అందకపోతే పక్కటెముకల మీద చేతులుంచి కాస్త సర్దుబాటు చేసేదీ ఆవిడే. మా ఆవిడ ఓపిక ఉన్న రోజుల్లో స్వెట్టరు తొడుక్కుని ఒక్కతే నడిచి వెళ్ళేది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "సగం డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తాను, పూర్తి మొగుడు ఈలోపు అన్నం వార్చి ఉంచండి," అనేది. అదొక్కటే ఆవిడ నన్నన్న మాట. అది కూడా నవ్వుతూనే అంది. ఎత్తిపొడుపో, నా జోకు బరువు తను కొంచెం మోసిపెట్టడమో నాకు ఈనాటికీ తెలియదు. నేను అన్నం వార్చి ఉంచేవాణ్ణి.

రెండువేల ఆరు వర్షాకాలంలో పోయింది. డాక్టరమ్మ మా ఇంటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, ఆవిడ పాదాల దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళింది. నేను ఏడవలేదు. అందరూ నేను ఏడుస్తానని చుట్టూ చేరి నిలబడ్డారు, నేనేమో వచ్చినవాళ్ళకి కుర్చీలు చాలతాయా లేదా అని లెక్కపెట్టుకున్నాను. కార్యక్రమాలు కాగానే కొట్టుకి వెళ్ళాను. వంకాయలు తూస్తుంటే జనం నా మొహంలోకి చూసేవాళ్ళు, ఏదైనా అంటానేమోనని. అనేవాణ్ణి కూడా. నోటికి అలవాటు, దానికి మనిషితో పనిలేదు.

ఒక ఆదివారం మా పుస్తకం బయటపడింది. డాక్టరమ్మ పేరు మీద నేను లాగిన గీత ఎంత గట్టిగా పడిందంటే, వెనక పేజీలో ఇంకో నలుగురు డాక్టర్ల మీదికి ఆ ఎరుపు దిగింది. అప్పుడు తోచింది, ఇలాంటి పుస్తకాలు ఎన్ని కొట్టేశానో అని. కొందరి ఇళ్ళకి వెళ్ళి చూద్దునా, ఎవరున్నారు? ఆ కుర్రాళ్ళు ప్రాజెక్టు మారితే ఊరు మారేవాళ్ళు, ఒకడు శాంటా క్లారా, ఒకడు టెక్సాస్, ఒకడు కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కున్నాడు. పుస్తకాలు పారేసి ఉంటారు. గీత మాత్రం బుర్రలో పెట్టుకునే వెళ్ళి ఉంటారు. ఊరికి మేయరు ఉంటే ఉండనీ, ఆ మూడు బ్లాకులకీ నా ఎర్ర గీతే ప్రభుత్వపు ముద్ర కదా.

నలుగురైదుగురి నెంబర్లు దొరికాయి. ముందు కమ్మింగ్ అబ్బాయికి ఫోన్ చేసి అంతా వరసగా చెప్పాను. డి.ఓ. అంటే సగం కాదు బాబూ, పూర్తి డాక్టర్లే, నేను ఏమీ తెలియకుండా కొట్టేశాను, మీ ఇంట్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా దగ్గర్లో ఎవరుంటే వాళ్ళ దగ్గరికి వెంటనే వెళ్ళండి, అన్నాను. అవతల పెద్ద నవ్వు.

"అంకుల్, మీరేం మారలేదండీ! ఒసేయ్, అంకుల్ ఫోన్‌లో ఉన్నారు, సీరియస్‌గా జోక్ చెప్తున్నారు, స్పీకర్‌లో పెడతా ఉండు. అంకుల్, మళ్ళీ మొదట్నించి వేయండి!"

మా ఆవిడ పోయిన సంగతి అతనికి తెలియదు. చెప్పలేదు. ఫోన్ పెట్టేశాను. మిగతావాళ్ళకి చేయలేదు.

ఇదంతా ఆ ఫ్రేము ఎదురుగా కూర్చుని అనుకున్నదే. కాలం చాలా మారింది. మా కొట్టు యజమాని కూతురే ఇప్పుడు ఆస్టియోపతిక్ కాలేజీలో చదువుతోంది, సీటు వచ్చిన రోజు కొట్లో అందరికీ లడ్డూలు పంచారు, ఒకప్పుడు నా జోకుకి కౌంటరు చరిచి నవ్వినాయన. నాకూ రెండు లడ్డూలిచ్చారు. తిన్నాను. వరంగల్ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, ఏటా ఒకసారి ఫోన్ చేసి, డాక్టర్ దగ్గర్కి పోయిన్రా లేదా అని కసురుతుంది. ఈ వేళ్ళ సంగతి విని మొన్న వెళ్ళమని తరిమింది కూడా ఆ పిల్లే.

డాక్టరమ్మ జుట్టు పూర్తిగా తెల్లబడింది. నా చేయి తన ఒళ్ళో పెట్టుకుని, సన్నటి పుల్లతో వేళ్ళ మీద తాకుతూ, ఇక్కడ తెలుస్తోందా అని అడిగింది. లేదన్నాను. ఇక్కడ? లేదు. అలా పాకుతూ మోచేతి దాకా వచ్చి, అక్కడ రెండు చేతులూ ఉంచి కళ్ళు మూసుకుంది. మా ఆవిడ చెప్పింది నిజమే, పక్క గదిలో మాటలు వింటున్నట్టే ఉంటుంది. మోచేతి దగ్గర నరం ఏళ్ళ తరబడి నొక్కుకుపోయిందట. పరీక్షకి రాసింది, చేయి ఎలా ఉంచి పడుకోవాలో చూపించింది. స్పర్శ తిరిగి వస్తుందా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు, నాకు తెలియదు, అంది.

తిరిగి వచ్చేటప్పుడు మా అపార్టుమెంటు పోస్టుపెట్టెల దగ్గర ఒక కొత్త జంట, రెండు వారాలైందట దిగి. పసిపిల్లకి జలుబు. ఇద్దరూ ఫోన్ మీదికి వంగి రేటింగు చుక్కలు లెక్కపెడుతున్నారు, ఏ డాక్టరుకి ఎన్ని చుక్కలున్నాయో. నన్ను చూసి ఆ అమ్మాయి నవ్వి, "అంకుల్, బ్యాక్ స్ట్రీట్‌లోనే ఒకావిడ ఉన్నారండీ, రివ్యూస్ బాగున్నాయి. నడిచి వెళ్ళొచ్చు," అంది. అడగడం కాదు, చెప్పింది, అంతే. పేరు చివర ఏ అక్షరాలున్నాయో వాళ్ళు చూడనే లేదు. వెళ్ళిరండమ్మా, అన్నాను. వెళ్ళారు. ఎర్ర పెన్ను ఇప్పుడు నా జేబులో ఉండదు గానీ, చేయి మాత్రం అటు వెళ్ళి, ఖాళీగా తిరిగి వచ్చింది. ఏమీ తెలియని రోజుల్లో మూడు బ్లాకులూ పుస్తకాలు పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాయి. ఇప్పుడు తెలుసు. అడిగేవాళ్ళు లేరు.